ముందు మొక్కజొన్న సంగతి రాయి

హెలికాప్టర్ చప్పుడు వినగానే మాభేలే బండ కిందికి దూరింది. అలా దూరినందుకు ఆ తర్వాత చాలా రోజులు తనను తానే తిట్టుకుంది. యాభై రెండేళ్ల మనిషి. ముగ్గుర్ని కని పెంచింది. గనుల్లో పాతికేళ్లు పని చేసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో తిరిగొచ్చిన మొగుణ్ణి తన చేతులతో సాగనంపింది. అలాంటిది, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కుందేలులా రాతిసందులో ముడుచుకు కూర్చుంది. అదీ తన సొంత చేలో!

చేనంటే పెద్ద చేనేం కాదు. నది ఒడ్డు నుంచి నిటారుగా లేచిన కొండకు సరిగ్గా నడుం దగ్గర, ఎవరో చెక్కిపెట్టినట్టు ఒక అరుగు. కింద నిలబడి చూస్తే పొదలూ రాళ్లూ తప్ప ఏమీ కనబడవు. పైకి పోయే దారి మేకలకు తెలుసు, మాభేలేకు తెలుసు. ఏ వేరు పట్టుకోవాలో, ఏ రాయిని నమ్మకూడదో పెళ్లయిన రెండో ఏడు అత్తగారు చూపించింది. ఆవిడకు ఆవిడ అత్తగారు చూపించిందట. ఆ అరుగు మీద ఏటా నలభై దాకా ఉమ్యా మొక్కలు పెరిగేవి. పోలీసులూ పట్నంవాళ్లూ దాన్ని గంజాయి అంటారు. సముద్రాన్ని ఆనుకున్న ఈ మ్పొండో కొండల్లో మాత్రం అది ఉమ్యాయే. గుమ్మడిలాగా, చిలగడదుంపలాగా అదీ ఒక పంట. తేడా అల్లా గుమ్మడిని గుమ్మం ముందు వేస్తారు, దీన్ని ఎవరి కంటా పడనంత ఎత్తున వేస్తారు. సముద్రం మీంచి పొద్దున్నే వచ్చే మంచు తగిలితే చాలు, ఎవరూ నీళ్లు మోయక్కర్లేదు.

హెలికాప్టర్ నది మలుపు తిరిగి లోయలోకి వచ్చింది. దాని పొట్ట కింద రెండు వైపులా రెండు పొడవాటి గొట్టాలున్నాయి. మొదటిసారి అరుగు మీంచి పోయినప్పుడు ఆ గొట్టాల్లోంచి తెల్లటి జల్లు పడింది. బండ కిందున్నా మాభేలే మెడ మీదా ముంజేతుల మీదా తడి తగిలింది. నాలుక చేదెక్కింది. రెండోసారి, మూడోసారి తిరిగొచ్చేసరికి సముద్రపు గాలి లేచింది. జల్లు అరుగు మీద పడనే లేదు. పమిట చెంగు ఎగిరినట్టు ఎగిరి కిందికి జారి, ఇళ్లూ చేలూ ఉన్న వాలు మీద మెల్లగా వాలింది. పైనుంచి మాభేలే అదంతా చూస్తూనే ఉంది.

"ఒరేయ్! అక్కడ మొక్కజొన్నరా! అది మొక్కజొన్న!" అని అరిచింది. రెక్కల హోరులో తన గొంతు తనకే వినబడలేదు.

అది మార్చి నెల. కండెలు పాలు పట్టే రోజులు. వారం తిరిగేసరికి ఆకుల అంచులు పచ్చబడ్డాయి. పదో రోజుకు చేనంతా ఎండలో ఆరేసిన పాత కాగితాల్లా తెల్లబారింది. గుమ్మడి తీగలు మెలికలు తిరిగిపోయాయి. ఊరంతా తాగే ఊటనీళ్లకు ఒక రకమైన వాసన పట్టింది. మాభేలే ముంజేతుల మీద పొక్కులు లేచి చితికి మళ్లీ లేచాయి. మండిపోయే విషయం ఇంకోటుంది. బండల చాటున ఉన్న పదకొండు ఉమ్యా మొక్కలు నవనవలాడుతూ అలాగే నిలబడి ఉన్నాయి. ఏ మొక్కను చంపడానికి అంత దూరం నుంచి అంత పెట్రోలు తగలేసుకుని వచ్చారో అది బతికింది. మనుషులు తినేది చచ్చింది.

అరుగుకు సరిగ్గా కింద ఉన్న చేను మాజోలాది. ఆ ఊళ్లో కోడళ్లను పుట్టింటి వంశం పేరుతో పిలుస్తారు. జోలాల ఆడపడుచు కాబట్టి ఆవిడ మాజోలా, భేలేల ఆడపడుచు కాబట్టి ఈవిడ మాభేలే. మాజోలాకు అరవై దాటాయి. భారీ మనిషి. గురువారం వచ్చిందంటే ఎర్ర జాకెట్టు, తెల్ల కాలరు, తెల్ల టోపీతో చర్చి ఆడవాళ్ల ప్రార్థనకు అందరికంటే ముందు హాజరవుతుంది. ఉమ్యా విత్తనం ఆవిడ చేత్తో ముట్టుకోలేదు. ముట్టుకున్నవాళ్లకు హితవు చెప్పడం మాత్రం ఏ రోజూ మానలేదు. అలాంటి ఆవిడ చేను అందరికంటే ఎక్కువ పోయింది. నాలుగు చిలగడదుంప మళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.

ఎండిన చొప్ప ఒక మోపు తలమీద పెట్టుకుని మాజోలా మాభేలే వాకిట్లోకి వచ్చి దబ్బున పడేసింది.

"ఇదుగోనే, నీ పంట. ఇంట్లో పెట్టుకో."

"నా పంటేంటక్కా? ఇది నీ మొక్కజొన్న."

"నాదైతే నా ఇంట్లో పొత్తులై ఉండాలి కదా! నీ పాడు మొక్క కోసం వచ్చిన మందు నా నెత్తిన పడింది. ఎన్నేళ్ల నుంచి చెప్తున్నానే నీకు? వద్దే, అది ఏదో ఒకరోజు ఊరి మీదికి తెస్తుందే అని చెప్పానా లేదా?"

"నేను పోశానా మందు? నాకేమన్నా రెక్కలున్నాయా గాల్లో తిరుగుతూ పొయ్యడానికి?" మాభేలే చేతులు చాచి పొక్కులు చూపించింది. "చూడు! నా మీదా పోశారు. పోసినోణ్ణి వదిలేసి నా వాకిట్లో చొప్ప పడేస్తావేంటి?"

"పోసినోడు ఆకాశంలో ఉన్నాడు. నువ్వు నేలమీద దొరికావు. అందుకని!"

అనేసి మాజోలా వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. మాభేలేకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజంతా పాత్రలు తోముతూ, పొయ్యి ఊదుతూ, మేకల్ని అదిలిస్తూ మాజోలాకు మనసులో సమాధానాలు చెబుతూనే ఉంది. ఒక్కటీ నోటికి సరిపడలేదు. ఎందుకంటే మాజోలా అన్నదాంట్లో తప్పు ఎక్కడుందో ఆమెకు పట్టుబడలేదు. అదే అసలు మంట.

ఊరిపెద్ద న్యావుజా పశువుల దొడ్డి దగ్గర అందర్నీ కూర్చోబెట్టాడు. ఆడవాళ్లు ఒక పక్క గడ్డిలో కూర్చున్నారు. లోయలో ఇరవై మూడు ఇళ్లవాళ్ల చేలు పోయాయి. అయినా మగవాళ్లు జొన్నకల్లు ముంత చేతులు మార్చుకుంటూ నేల చూపులు చూస్తున్నారు.

"ఫిర్యాదు చేద్దామంటే సరే. కానీ చేసేవాడు ఏం చెప్పాలి? మందు పడింది అనాలి. ఎందుకు పడింది అంటారు. అప్పుడేమంటాడు? నోరు తెరిచినవాడు ఒప్పుకున్నట్టే. కాబట్టి ఎవరి నోళ్లు వాళ్లు మూసుకోవడం మంచిది" అన్నాడు న్యావుజా.

"అంటే, మన తిండి మీద విషం పోసినా మనమే దొంగలమా?" అంది మాభేలే.

"గొంతు తగ్గించమ్మా. అరుగెక్కినప్పుడు లేని పౌరుషం ఇప్పుడెందుకు?"

మగవాళ్లు నవ్వారు. వాళ్లలో సగం మందికి తమ తమ కొండల్లో తమ తమ అరుగులున్నాయి. మాభేలే లేచి వచ్చేసింది.

ఆ శుక్రవారం మాజోలా ఎవరికీ చెప్పకుండా షేర్ టాక్సీ ఎక్కి పట్నం పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. గురువారం కాకపోయినా ఎర్ర జాకెట్టు, తెల్ల టోపీ వేసుకునే వెళ్లింది. సాయంత్రం పొద్దు వాలుతుండగా తిరిగొచ్చి, తన ఇంటికి పోకుండా నేరుగా మాభేలే వాకిట్లోకి వచ్చి మేకలు కట్టే దుంగ మీద కూలబడింది. మొహం ఎర్రగా ఉబ్బి ఉంది.

"నీళ్లియ్యవే."

మాభేలే ఇచ్చింది. మాజోలా గటగటా తాగి చెంబు కింద పెట్టింది.

"వాడు ఒక కుర్ర సార్జెంటు. మగాబా అట వాడి పేరు. నా మనవడంత ఉంటాడు. నా చేను చచ్చిపోయింది, రాయి నాయనా అన్నాను. 'అమ్మా, మా హెలికాప్టర్ మొక్కజొన్న మీద మందు పొయ్యదు, గంజాయి మీదే పోస్తుంది. నీ చేను మీద పడిందంటే నీ చేలో గంజాయి ఉన్నట్టే' అన్నాడు. నాకు! నాకే అన్నాడు!"

"నువ్వేమన్నావు?"

"లేదన్నాను. 'అయితే పక్కన ఎవరిదో చెప్పు. పేరు చెబితే నీ కాగితం రాస్తా' అన్నాడు. పెన్ను తీసి పట్టుకుని కూర్చున్నాడు." మాజోలా టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "నాకు తెలియదన్నాను. ముప్పై ఏళ్లుగా ఆ అరుగెవరిదో నాకు తెలియదట! ఈ జాకెట్టు వేసుకుని, ఈ టోపీ పెట్టుకుని, అబద్ధం ఆడానే! నీకోసం కాదు, వాడికి నీ పేరు అప్పజెప్పడం ఇష్టంలేక. నా జన్మలో నేనింత గట్టి అబద్ధం ఆడలేదు. నాచేత ఆడించారే వెధవలు!"

ఆవిడ ఏడవలేదు. దుంగ మీద పిడికిలితో రెండు దెబ్బలు వేసింది. కట్టేసిన మేక బెదిరి తాడు మెలేసుకుంది.

మాభేలే వెళ్లి మేక తాడు చిక్కు విప్పింది. అరుగు మీద బండ కిందికి దూరినప్పటి నుంచి లోపల కుతకుతలాడుతున్నది ఒక్కసారిగా గట్టిపడింది. ఇన్నాళ్లూ దాక్కుని పండించింది. దాక్కుని మోసింది. దాక్కుని అమ్మింది. ఇప్పుడు తనను దాచడానికి ఒక ముసలావిడ అబద్ధమాడి వచ్చింది.

"రేపు పొద్దున్నే పోదాం. ఇద్దరం" అంది.

"ఎక్కడికి?"

"వాడి దగ్గరికే. నువ్వు చెప్పని పేరు నేనే చెబుతా. అప్పుడు రాస్తాడుగా!"

మర్నాడు స్టేషన్‌లో సార్జెంటు మగాబా బల్ల మీద టీ కప్పు పెట్టుకుని రొట్టె తింటున్నాడు. మాజోలాను చూడగానే, "మళ్లీ వచ్చావా? పేరు గుర్తొచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. ఇదుగో, నడుచుకుంటూ వచ్చింది" అని మాజోలా పక్కకు జరిగింది.

"నా పేరు నోకుఖన్యా. అరుగు నాది. ఉమ్యా నాది. నలభై మొక్కలు. ఇప్పుడు ఈవిడ మొక్కజొన్న సంగతి రాయి" అంది మాభేలే.

సార్జెంటు రొట్టె నమలడం ఆపాడు. అలవాటు లేని వ్యవహారం. కేసుల కోసం తాను లోయలు దిగాలి, కొండలెక్కాలి. ఇక్కడ కేసే షేర్ టాక్సీ దిగి లోపలికి వచ్చింది. గబగబా కాగితం లాగి రాయడం మొదలెట్టాడు. పేరు, వయసు, ఊరు, ఎన్ని మొక్కలు, ఎన్నేళ్లుగా. మాభేలే అన్నిటికీ నిదానంగా జవాబు చెప్పింది. రాయడం అయ్యాక కాగితాన్ని ఆమె వైపు తిప్పి పెన్ను ఇచ్చాడు.

"ఇక్కడ సంతకం."

మాభేలే చదివింది. నాలుగో తరగతి వరకు చదువుకుంది, అక్షరాలు కూడబలుక్కోగలదు. చివరి దాకా చదివి పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఇందులో మొక్కజొన్న లేదే?"

"ఇది నీ కేసమ్మా. మొక్కజొన్నకూ దీనికీ సంబంధం లేదు."

"లేకపోవడమేంటి? ఒకే హెలికాప్టర్, ఒకే మందు, ఒకే పొద్దున. నా మొక్కల మీద పోసినప్పుడు ఈవిడ చేను మీద పడింది. నేను చూశాను. నా మీదా పడింది. ముందు మొక్కజొన్న సంగతి రాయి, ఆ తర్వాత నా సంతకం."

"సంతకం పెట్టకపోతే ఏమవుతుందో తెలుసా? లోపలేస్తాను."

"వెయ్యి. నా మొక్కల్ని మీరే చంపారు. ఎండు పుల్లలు తెచ్చి జడ్జీకి చూపిస్తావా? ఆ అరుగు ఎక్కగలవా నువ్వు? నా సంతకం లేకపోతే నీ దగ్గరున్నది ఒక ఆడదాని నోటిమాట. అది నేను కోర్టులో మింగేస్తా."

"అమ్మా, మర్యాదగా..."

"మర్యాదగానే అడుగుతున్నా నాయనా. విషం పోసేటప్పుడు ఎవరన్నా మమ్మల్ని మర్యాదగా అడిగారా? చేలో మనుషులున్నారా, పిల్లలున్నారా, కాస్త పక్కకు జరగండి అని చెప్పారా? పురుగుల మీద పోసినట్టు పోశారు!"

గొంతు పెరిగింది. వరండాలో బెంచీల మీద కూర్చున్న వాళ్లు గుమ్మంలోకి వచ్చారు. మాజోలా ఒక కుర్చీ లాక్కుని బల్లకు ఎదురుగా కూర్చుని, ఒళ్లో సంచి పెట్టుకుని, అందులోంచి ఎండిన కండెలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చసాగింది. టీ కప్పు పక్కన ఒకటి, ఫోను పక్కన ఒకటి, రొట్టె పక్కన ఒకటి.

"ఏంటమ్మా ఇది?"

"నువ్వు రాయడానికి వీలుగా తెచ్చా. చూసి రాయి."

మధ్యాహ్నం దాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. సార్జెంటు బయటికి వెళ్లాడు, లోపలికి వచ్చాడు, ఎవరికో ఫోన్ చేశాడు, ఒకసారి బల్ల గుద్దాడు. మాభేలే కదల్లేదు. నెలాఖరు కావడంతో, నెలకు ఇన్ని కేసులని రాసిన గోడమీది పట్టికలో అతనికి ఒకటి తక్కువైనట్టుంది. లేదా గుమ్మంలో మూగినవాళ్ల చూపులు తగిలాయో! మొత్తానికి రెండు దాటాక ఇంకో కాగితం తీశాడు. మాజోలా చెప్పింది చెప్పినట్టు రాశాడు. ఎంత చేను, ఏ రోజు, గాలి ఎటు నుంచి వీచింది, గుమ్మడి, చిక్కుడు, ఊటనీళ్లు. దాని మీద నంబరు వేసి, ఒక చిన్న చీటీ చింపి ఆవిడ చేతిలో పెట్టాడు. మాజోలా ఆ నంబరు రెండుసార్లు పైకి చదివించుకుంది. ఆ తర్వాతే మాభేలే తన కాగితం మీద సంతకం పెట్టింది. ఆ రాత్రి ఇంటికి పంపలేదు. సోమవారం దాకా అక్కడే ఉంచారు.

కోర్టులో పని పావుగంటలో అయిపోయింది. మూడేళ్ల జైలు అన్నారు. కానీ ఇప్పుడే వెళ్లక్కర్లేదట. ఐదేళ్లలోపు మళ్లీ ఒక్క మొక్క వేసినట్టు తెలిసినా తీసుకెళ్లి కూర్చోబెడతారట. మాభేలే చెయ్యెత్తి, "మరి మొక్కజొన్న?" అని అడిగింది. ఆ విషయం ఈ కోర్టు ముందు లేదన్నారు. వెనక వరసలోంచి మాజోలా లేచి, "నా దగ్గర నంబరుంది!" అని చీటీ ఎత్తి చూపించింది. కూర్చోమన్నారు. ఆవిడ కూర్చోలేదు. బయటికి పంపించేశారు.

ఆ చీటీ పట్టుకుని మాజోలా రెండు వారాలకోసారి స్టేషన్‌కు తిరిగింది. దర్యాప్తులో ఉందన్నారు. ఫైలు పై ఆఫీసుకు పోయిందన్నారు. ఫైలు కనబడట్లేదన్నారు. ఈలోగా చీటీ కబురు కొండలు దాటింది. పక్క లోయలవాళ్లు నడిచొచ్చి, ఏం చెప్పారు, ఎలా రాయించారు అని అడిగి తెలుసుకుని వెళ్లారు. కొందరు తామూ వెళ్లి రాయించుకున్నారు. ఒకరికి రాసిన కాగితం ఇంకొకరికి రాయనంటే ఊరుకోలేదు.

జూలైలో ఎట్టకేలకు ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. ఆ కొండల్లో జూలై అంటే చలికాలం. చేలో మోళ్లు తప్ప ఏమీ లేవు. నదికి అవతలే జీపు ఆపుకుని, ప్యాంటు మడుచుకుని, చేను గట్టు మీద పది నిమిషాలు నిలబడ్డాడు. ఒక మోడు పీకి ప్లాస్టిక్ సంచిలో వేసుకున్నాడు. ఊరంతా వెనకాల నిలబడి చూస్తోంది.

"ఇది కరువు దెబ్బ" అన్నాడు చివరికి.

ఆ ఏడు కురిసిన వానలకు నది రెండుసార్లు పొంగి దాటే రాళ్లు కొట్టుకుపోయాయి.

"ఏం దెబ్బ?" అంది మాజోలా.

"కరువమ్మా. వానలు లేక..."

మాజోలా చేతిలో ఉన్న పార నేలకేసి కొట్టింది. ఆఫీసరు రెండడుగులు వెనక్కి వేశాడు. న్యావుజా పరుగున వచ్చి ఆవిడ భుజాలు పట్టుకున్నాడు. ఆవిడ విదిలించుకుంది గానీ, ఆ మనిషిని ఒక్క మాటా అనలేదు. అన్నా వాడి చెవికెక్కదని అప్పటికే తెలిసిపోయినట్టుంది. జీపు వెళ్లిపోయేదాకా అలాగే నిలబడి చూసింది.

సాయంత్రం మాభేలే పొయ్యి దగ్గర గింజలూ చిక్కుళ్లూ ఉడకేస్తుంటే మాజోలా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నీ దగ్గర ఆ విత్తనం ఉందా?"

"ఏ విత్తనం?"

"ఏ విత్తనమో అడుగుతుందే మళ్లీ! అదే."

మాభేలే చేతిలో గరిటె ఆగిపోయింది. "అక్కా, నేను వేస్తే మూడేళ్లు లోపలేస్తారు."

"నిన్నెవరు వెయ్యమన్నారు? నేనేస్తా."

"నువ్వా?"

"ఏం, నాకు చేతుల్లేవా? ముప్పై ఏళ్లు వద్దు వద్దన్నా. ఏం మిగిలింది? వెయ్యకపోయినా నా చేను చంపారు. వెయ్యకపోయినా నన్ను దొంగన్నారు. ఇప్పుడు కరువట! సరే, చెయ్యని దానికి శిక్ష ఎలాగూ పడింది, ఇక చేసి చూపిస్తా. ఏదీ, ఆ దారి చూపించు."

మాభేలే నవ్వాపుకోలేకపోయింది. తర్వాత నవ్వు ఆగి, కళ్లు చెమర్చాయి. తన అరుగు ఇంకొకరికి చూపించాల్సి రావడం ఆమెకు చురుక్కుమంది. అత్తగారు చూపిన దారిలో తను ఐదేళ్లు కాలు పెట్టకూడదట. ఎవరో పట్నంలో కూర్చుని అన్నారు.

అక్టోబరులో మొదటి వాన పడ్డాక మాజోలా ఎక్కింది. సగం దూరం మాభేలే వెనక నుంచి నెట్టింది. ఆ పైన తను ఆగిపోయి, ఏ వేరు పట్టుకోవాలో కింద నుంచే అరిచి చెప్పింది. మాజోలా ప్రతి మలుపు దగ్గరా దేవుణ్ణీ, సార్జెంటునూ, ఆ ఆఫీసరునూ వరసగా తలుచుకుంటూ మొత్తానికి పైకి చేరింది.

మార్చిలో హెలికాప్టర్ మళ్లీ వచ్చింది. ఈసారి వీళ్ల లోయలోకి తిరగలేదు, పక్క లోయలో పోసింది. మర్నాడే అక్కడి ఆడవాళ్లు పద్దెనిమిది మంది చచ్చిన తీగలు తలకెత్తుకుని స్టేషన్ ముందు కూర్చున్నారని కబురొచ్చింది. మందు ఇక్కడ ఎందుకు పొయ్యలేదో ఎవరికీ తెలియదు. కాగితాలకు జంకారని కొందరన్నారు, గాలి బాగాలేదని కొందరన్నారు. చచ్చిన చేలకు మాత్రం ఎవరికీ ఏమీ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

చర్చి పాస్టరుకు మాజోలా కొత్త పంట సంగతి తెలిసింది. ఆవిడను పిలిచి, అందరి ముందు తప్పు ఒప్పుకుంటేనే ఎర్ర జాకెట్టు వేసుకోవాలన్నాడు. మందు పోసినవాళ్లు ముందు ఒప్పుకుంటే, తర్వాత తాను ఒప్పుకుంటానని మాజోలా చెప్పి వచ్చింది. జాకెట్టు మడిచి పెట్టెలో పెట్టింది. ఆ సంగతి ఎవరన్నా ఎత్తితే ఇప్పటికీ మాట దాటేస్తుంది.

మాజోలా పైన ఉన్నంతసేపూ కింద ఆవిడ మొక్కజొన్న మాభేలే చూసేది. కలుపు తీసేది, మొదళ్లకు మట్టి ఎగదోసేది. పైనుంచి ఆవిడకు చేనంతా అరచేతిలో ఉన్నట్టు కనబడేది.

"ఆ మూల వదిలేశావే! పని దొంగా!" అని కొండ నడుం మీంచి కేక వచ్చేది.

"అరవకక్కా! నువ్వక్కడున్నావని లోయంతా తెలియాలా?"

"తెలియనియ్యి! ఆ మూల తియ్యి ముందు!"

మాభేలే పార భుజాన వేసుకుని, గొణుక్కుంటూ ఆ మూలకు నడిచేది.